చిత్రపటం అడిగిన ప్రశ్న

ఎల్లారెడ్డి నుంచి, కామారెడ్డి నుంచి క్రిస్మస్‌కో గుడ్‌ఫ్రైడేకో మెదక్ చర్చికి వెళ్లే కుటుంబాలు అక్కడ తప్పకుండా చేసే పని ఒకటుంది. ఆరాధన ముగిశాక పిల్లల్ని ముందుకు తీసుకెళ్లి రంగుటద్దాల కిటికీలు చూపిస్తారు. ఎదురుగా ప్రభువు ఆరోహణం, ఒక పక్క ఆయన జననం, మరో పక్క సిలువ. పగటి వెలుగు ఉన్నంతసేపే ఆ బొమ్మలు. పొద్దుగూకితే అద్దం నల్లబడిపోతుంది. హైదరాబాద్ వెళ్లినవాళ్లయితే సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం ముందు నిలబడతారు. ఆదికాండం 24వ అధ్యాయంలో ఇస్సాకును చూసి ముసుగు వేసుకున్న రిబ్కాయే ఆమె అని మన సండేస్కూలు పిల్లలు ఠక్కున చెబుతారు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరంలో కొన్నాడు. చూస్తాం, ఆశ్చర్యపోతాం, బయటికొచ్చి చాయ్ తాగి బస్సెక్కుతాం. బొమ్మ మనల్ని ఏమీ అడగదు. అడిగినా వినేంతసేపు మనం అక్కడ ఆగం.

అలా ఆగి, ఒక చిత్రపటం అడిగిన ప్రశ్నను విని, ఆ తర్వాత బతికిన నలభై ఒక్క ఏళ్లూ దానికి జవాబు చెబుతూ గడిపిన వ్యక్తి నికొలస్ లుడ్విగ్ వాన్ జింజెన్‌డార్ఫ్. మిషనరీ పండుగల్లో ఆయన పేరు వినని సంఘం ఉండదు. అయితే ప్రసంగాల్లో మనం ఆయన కథను త్వరగా ముగించేస్తాం. పటం చూశాడు, మారుమనస్సు పొందాడు, ఆస్తి ఇచ్చేశాడు, మిషనరీలను పంపాడు అంటాం. జరిగింది ఇంత తేలిగ్గా జరగలేదు.

జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో 1700 మే 26న ఆయన పుట్టాడు. కౌంట్ అన్న బిరుదున్న జమీందారీ కుటుంబం. బిడ్డకు రెండు నెలలైనా నిండకముందే తండ్రి క్షయతో చనిపోయాడు. నాలుగేళ్లకు తల్లి మళ్లీ పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. అమ్మమ్మ హెన్రియెట్టా తన కోటలో ఆ పిల్లవాణ్ని పెంచింది. ఆమె బైబిలును మూలభాషల్లో చదవగలిగిన విదుషీమణి. లూథరన్ సంఘంలో హృదయశుద్ధి కోసం, ఇంటింటి బైబిలు పఠనం కోసం తపించిన పైటిస్టులు అనే భక్తులకు ఆమె ఇల్లు ఒక సత్రం. వారి పెద్ద అయిన స్పీనర్ ఈ బిడ్డకు జ్ఞానతండ్రి. ఆ ఇంట్లో యేసుప్రభువుతో మాట్లాడటం అన్నంత సహజం. కాబట్టి జింజెన్‌డార్ఫ్ పటం చూసి విశ్వాసి కాలేదు. విశ్వాసిగానే పటం ముందుకు వెళ్లాడు. ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ఆ పటం అడిగిన ప్రశ్న అవిశ్వాసికి కాదు.

పదేళ్ల వయసులో హాలే పట్టణంలో ఫ్రాంకే నడిపిన పాఠశాలలో చేర్చారు. అనాథ శరణాలయం, బడి, ముద్రణాలయం, మందుల తయారీ అన్నీ ఒకే ప్రాంగణంలో ఉన్న గొప్ప స్థలమది. మన దేశానికి మొదటి ప్రొటెస్టెంట్ మిషనరీగా తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చిన జీగెన్‌బాల్గ్ ఆ హాలే వృక్షపు కొమ్మే. ఆయన 1715లో ఐరోపాకు వెళ్లినప్పుడు హాలేకూ వచ్చాడు. ఫ్రాంకే భోజనాల బల్ల దగ్గర మిషనరీల సంగతులు వింటూ పెరిగిన ఈ కుర్రవాడు కొందరు స్నేహితులతో కలిసి ఆవగింజ సంఘం అని ఒకటి పెట్టుకున్నాడు. సువార్త అందనివారికి అందించాలన్నది వారి ఒట్టు. బడిపిల్లల ఒట్లు ఎన్ని నిలుస్తాయో మనకు తెలుసు కదా! ఇంట్లోవాళ్లు మాత్రం వేరే లెక్క వేశారు. కౌంట్ల బిడ్డ పాస్టరు కావడమేమిటి, ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చెయ్యాలన్నారు. విట్టెన్‌బర్గ్‌కు పంపి న్యాయశాస్త్రం చదివించారు.

విట్టెన్‌బర్గ్ అంటే లూథర్ ఊరు. అక్కడి పట్టణ దేవాలయంలో పునర్వికాస యుగపు చిత్రకారుడు క్రానాక్ గీసిన బలిపీఠపు చిత్రం ఉంది. 1547లో అక్కడ నిలిపారు. దాని అడుగుభాగంలో ఒక పక్క ప్రసంగవేదిక మీద లూథర్, ఇంకో పక్క సంఘం, మధ్యలో సిలువ మీద ప్రభువు. లూథర్ వేలు సిలువవైపు చూపిస్తూ ఉంటుంది. ప్రొటెస్టెంట్లకు బొమ్మలంటే పడదని అనుకుంటాం. అదే ఊళ్లో 1522లో కొందరు ఆవేశంతో గుళ్లలోని బొమ్మలను తొలగించబోతే, దాక్కున్న కోట విడిచి వచ్చి మరీ ఆ గందరగోళాన్ని ఆపినవాడు లూథరే. బొమ్మకు మొక్కకూడదు. బొమ్మ దగ్గర నేర్చుకోవచ్చు. మన ఇళ్లలో క్యాలెండర్ మీది ముళ్లకిరీటం బొమ్మకు దండ వేయాలా వద్దా అని ఇప్పటికీ అడిగే విశ్వాసులకు నేను చెప్పేది కూడా ఇంతే.

చదువు ముగిశాక ఆ రోజుల్లో పెద్దింటి బిడ్డలు దేశాలు తిరిగి లోకజ్ఞానం సంపాదించడం ఆచారం. 1719లో జింజెన్‌డార్ఫ్ అలాగే బయలుదేరాడు. హాలండ్‌కు, ప్యారిస్‌కు వెళ్లే దారిలో డ్యూసెల్‌డార్ఫ్‌లో ఆగాడు. ఆ ఊరి ప్రభువు యోహాన్ విల్హెల్మ్ చిత్రకళ మీద ప్రాణం పెట్టినవాడు. రూబెన్స్ వంటి మహా చిత్రకారుల పటాలు సేకరించి, వాటి కోసమే కోట పక్కన ప్రత్యేకంగా ఒక చిత్రశాల కట్టించాడు. అప్పటికి అలాంటి భవనాలు ఐరోపాలోనే అరుదు. జింజెన్‌డార్ఫ్ వెళ్లేనాటికి ఆయన చనిపోయి మూడేళ్లయింది. పటాలు మాత్రం గోడల నిండా ఉన్నాయి.

పందొమ్మిదేళ్ల యువకుడు. వంశం, చదువు, పెద్ద భూములు, ముందు ఎదురుచూస్తున్న ఉద్యోగం, అన్నీ ఉన్నాయి. ఆ గదుల్లో తిరుగుతూ ఒక పటం దగ్గర ఆగిపోయాడు. ఇటలీ చిత్రకారుడు డొమెనికో ఫెట్టి గీసినది. పునర్వికాస యుగం ముగిసి కొత్త పద్ధతులు వస్తున్న కాలంలో మాంటువా రాజాస్థానంలో పనిచేసినవాడు ఫెట్టి. మంచి సమరయుడు, పోయిన నాణెం, గుడ్డివాడికి దారి చూపే గుడ్డివాడు వంటి ప్రభువు ఉపమానాలను వరుసగా చిత్రాలుగా గీశాడు. 1623లో వెనిస్‌లో చనిపోయేనాటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా లేవు. జింజెన్‌డార్ఫ్ చూసిన పటానికి పెట్టిన లాటిన్ పేరు ఎక్కే హోమో. కొరడా దెబ్బలు తిన్న యేసును పిలాతు బయటికి తెచ్చి జనానికి చూపించిన ఘడియ అది. యోహాను సువార్త 19వ అధ్యాయం మొదటి వచనాలు చదువుకుంటే ఆ పటం కళ్ల ముందుకు వస్తుంది. తలమీద ముళ్లకిరీటం, కట్టిన చేతులు. చిత్రకారుడు పటం కింద లాటిన్‌లో ఒక వాక్యం కూడా రాశాడు. నీకోసం నేను ఇదంతా భరించాను, మరి నాకోసం నువ్వేం చేశావన్న అర్థంలో ప్రభువే చూసేవాణ్ని అడుగుతున్నట్టుగా ఉంటుంది.

జింజెన్‌డార్ఫ్‌కు లాటిన్ వచ్చు. ఎవరూ చదివి చెప్పనక్కర్లేదు. ఆ ప్రశ్నకు చెప్పడానికి తన దగ్గర పెద్దగా ఏమీ లేదని ఆయనకు అర్థమైంది. తన మనసు మళ్లీ అటూ ఇటూ పోతే బలవంతంగానైనా తన శ్రమల సహవాసంలోకి లాగుకొమ్మని ప్రభువును వేడుకున్నాడు. ఆ రోజు దర్శనం కలగలేదు, ఏ స్వరమూ వినిపించలేదు. అక్కడినుంచి ఆయన అనుకున్న ప్రయాణమే కొనసాగించాడు. హాలండ్ వెళ్లాడు, ప్యారిస్‌లో కార్డినల్ నొయాయ్‌తో స్నేహం చేశాడు. ఇంటికి వచ్చి, కుటుంబం కోరినట్టే 1721లో డ్రెస్డెన్‌లో ప్రభుత్వ ఉద్యోగంలో చేరాడు. ప్రశ్న మాత్రం ఆయన వెంటే వచ్చింది.

ఆ మరుసటి సంవత్సరం రెండు సంగతులు జరిగాయి. ఎర్ద్‌మూత్ దొరొతెయాతో వివాహమైంది. కొత్తగా కొన్న బెర్తెల్స్‌డార్ఫ్ జమీనుకు మొరేవియా నుంచి కొందరు కాందిశీకులు వచ్చి చేరారు. 1415లో సజీవంగా దహనమైన జాన్ హస్ బాటలో నడిచిన పాత సంఘపు శేషం వాళ్లు. తమ దేశంలో రహస్యంగా ప్రార్థించుకుంటూ, పట్టుబడితే జైలుపాలవుతూ బతికినవాళ్లు. క్రిస్టియన్ డేవిడ్ అనే వడ్రంగి వారిని దారి చూపి తీసుకొచ్చాడు. 1722 జూన్ 17న ఆయన గొడ్డలితో మొదటి చెట్టు కొట్టిన చోట లేచిన ఊరే హెర్న్‌హూట్. ప్రభువు కాపుదల అని ఆ పేరుకు అర్థం.

ఐదేళ్లలో ఊళ్లో మూడు వందల మంది అయ్యారు. మొరేవియావాళ్లు, లూథరన్లు, కాల్విన్ మార్గంవాళ్లు, ఏ సంఘంలోనూ ఇమడనివాళ్లు. ఇంకేం, గొడవలు మొదలయ్యాయి. ఆశ్రయం ఇచ్చిన జింజెన్‌డార్ఫ్‌నే ప్రకటన గ్రంథంలోని మృగమని దూషించినవాడూ ఉన్నాడు. మండల కేంద్రంలో ఒకే వీధిలో నాలుగు సంఘాలు ఉండి, ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లని పరిస్థితి తెలిసిన మనకు దీన్ని ఊహించుకోవడం కష్టం కాదు. భూమి ఆయనది, అధికారం ఆయనది. ఖాళీ చేయమంటే చాలు. ఆయన ఆ పని చేయకుండా ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి ఇల్లిల్లూ తిరిగాడు. ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడాడు. 1727 మే నెలలో అందరూ ఒక సహోదర ఒడంబడికకు ఒప్పుకున్నారు. ఆగస్టు 13న బెర్తెల్స్‌డార్ఫ్ చర్చిలో ప్రభురాత్రి భోజనంలో కలిసి కూర్చున్నప్పుడు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ నెలాఖరులోనే గంటగంటకూ ఒకరు చొప్పున రాత్రింబగళ్లు ప్రార్థించే వంతులు వేసుకున్నారు. ఆ ప్రార్థన నూరేళ్లకు పైగా ఆగలేదు. మరుసటి ఏడాది మొదలైన అనుదిన వాక్యాల పద్ధతి 1731 నుంచి పుస్తకంగా అచ్చవుతూ నేటికీ చాలా భాషల్లో వస్తోంది.

1731లో డెన్మార్క్ రాజు పట్టాభిషేకానికి కోపెన్‌హాగెన్ వెళ్లినప్పుడు జింజెన్‌డార్ఫ్‌కు ఆంటన్ అనే నల్లజాతి సేవకుడు తారసపడ్డాడు. వెస్టిండీస్‌లోని సెయింట్ థామస్ ద్వీపం అతనిది. అక్కడి చెరకు తోటల్లో బానిసలుగా ఉన్న తన అక్కాతమ్ముళ్లు సువార్త కోసం ఎదురుచూస్తున్నారని చెప్పాడు. ఆ మాట హెర్న్‌హూట్ చేరింది. 1732 ఆగస్టులో కుమ్మరి లియొనార్డ్ డోబర్, వడ్రంగి డేవిడ్ నిష్‌మన్ కాలినడకన బయలుదేరారు. వాళ్లిద్దరూ తమను తాము బానిసలుగా అమ్ముకున్నారని మన ప్రసంగవేదికల మీద తరచూ వినిపిస్తుంది. అది నిజం కాదు. అవసరమైతే బానిసలుగానైనా వెళ్తామని సిద్ధపడిన మాట మాత్రం నిజం. తెల్లవారిని అలా తీసుకోరని తర్వాత తెలిసింది. చేతిపని చేసుకుని బతుకుతూ సువార్త చెప్పారు. నిజం చాలినప్పుడు దానికి అతిశయోక్తి కలపడం ఎందుకు? మరుసటి ఏడాది ఇంకో బృందం గ్రీన్‌లాండ్ మంచులోకి వెళ్లింది. వీళ్లెవరూ పట్టభద్రులు కారు. పల్లెటూరి చేతివృత్తులవాళ్లు.

ఇక్కడ ఒక కష్టమైన పేజీ ఉంది. దాన్ని తిప్పేయడం నాకిష్టం లేదు. 1739 జనవరిలో జింజెన్‌డార్ఫ్ స్వయంగా సెయింట్ థామస్ వెళ్లాడు. అక్కడి మిషనరీలు జైల్లో ఉన్నారు. గవర్నరుతో మాట్లాడి విడిపించాడు. వందల మంది బానిసలు అప్పటికే వాక్యం వింటున్నారు. రెబెక్కా అనే స్వతంత్రురాలైన నల్లజాతి యువతి తోటల వెంట నడిచి స్త్రీలకు బోధిస్తోంది. తిరిగి వెళ్లేముందు ఆయన ఆ బానిసలనుద్దేశించి మాట్లాడాడు. యజమానులకు లోబడి ఉండమన్నాడు. రక్షణ హృదయానికి విడుదల ఇస్తుంది గానీ యజమాని నుంచి కాదన్న ధోరణిలో చెప్పాడు. మిషన్ కూడా అప్పటికే అక్కడ ఒక తోట కొన్నది. బానిసలతో సహా. వారి మధ్య కూర్చుని, వారిని సహోదరులని పిలిచి, వారి కోసం ప్రాణాలిచ్చిన మిషనరీలే వారి సంకెళ్లను సంకెళ్లుగా చూడలేకపోయారు.

కాలం అలాంటిదని సర్దిచెప్పవచ్చు. నాకు ఆ మాట చాలదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు పాత సంఘాల్లో కూర్చునే ఎంతోమంది తాతలు దొరల గడీల్లో వెట్టి చేసినవాళ్లు. వాళ్లకు సువార్త కేవలం హృదయపు విడుదలగా రాలేదు. చదువుగా, చెప్పులు వేసుకుని ఊరి నడిమిన నడిచే ధైర్యంగా వచ్చింది. ముళ్లకిరీటం పెట్టుకున్న ప్రభువు కట్టిన చేతులతో నిలబడి ఉన్నాడు. ఆ పటాన్ని అంత శ్రద్ధగా చూసిన మనిషికి ఆ కట్టిన చేతులు సెయింట్ థామస్‌లో ఎందుకు గుర్తురాలేదో!

రెండో పొరపాటు ఆయన సొంత ఇంట్లోంచే వచ్చింది. ఈలోగా సాక్సనీ ప్రభుత్వం 1736లో ఆయనను దేశం నుంచి బహిష్కరించింది. ఆ బహిష్కారం 1747 దాకా సాగింది. ఎర్ద్‌మూత్ జమీను లెక్కలు, అప్పులు, మిషనరీల ఖర్చులు భుజాన వేసుకుంది. పన్నెండు మంది బిడ్డల్ని కని, వారిలో ఎక్కువమందిని మట్టిలో పెట్టిన తల్లి ఆమె. ఆమె లేకపోతే హెర్న్‌హూట్ నిలిచేది కాదని నా అభిప్రాయం. ఆయన అమెరికా వెళ్లాడు. 1741 క్రిస్మస్ ముందురాత్రి పెన్సిల్వేనియాలో ఒక కొత్త ఊరికి బెత్లెహేమని పేరు పెట్టాడు. పదహారేళ్ల కూతురు బెనిగ్నా 1742లో అక్కడ ఆడపిల్లలకు బడి మొదలుపెట్టింది.

జర్మనీలో హెర్న్‌హాగ్ అనే మరో స్థావరంలో మాత్రం యువకులు ప్రభువు గాయాల ధ్యానంలో హద్దులు దాటారు. గాయాల మీద పాటలు, గాయాల మీద ముద్దు మాటలు, దీపాల అలంకారాలు, పండుగలు. పనీపాటా వెనకబడింది. దానికి నాయకుడు జింజెన్‌డార్ఫ్ కుమారుడు క్రిస్టియన్ రెనాటుస్. గాయాల భాషను వాళ్లకు నేర్పింది తండ్రే. 1749లో ఆయన గట్టిగా మందలించి, కొడుకును లండన్‌కు పిలిపించుకున్నాడు. ఆ కొడుకు 1752లో, పాతికేళ్లు కూడా నిండకుండా చనిపోయాడు. ఫెట్టి పటంలో రెండున్నాయి, పైన గాయాలు, కింద ప్రశ్న. హెర్న్‌హాగ్ పిల్లలు పైభాగం దగ్గరే ఆగిపోయారు. గుడ్‌ఫ్రైడే రోజు ఏడు మాటల కూడికలో కళ్లు తుడుచుకుని, శనివారం పొద్దున్నే కూలివాడి డబ్బు ఎగ్గొట్టేవాళ్లు మనలోనూ ఉన్నారు.

అయినా ఆ చిత్రశాల నుంచి మన దాకా ఒక దారి వచ్చింది. 1736లో అట్లాంటిక్ మీద తుఫానులో ఓడ మునగబోతుంటే, మొరేవియన్ కుటుంబాలు పిల్లాపాపలతో నిబ్బరంగా కీర్తన పాడుకోవడం ఒక యువ ఆంగ్లికన్ పాస్టరు చూశాడు. ఆయన జాన్ వెస్లీ. తనకు మరణభయం ఉందని, వాళ్లకు లేదని గ్రహించాడు. లండన్‌లో పీటర్ బోలర్ అనే మొరేవియన్ ఆయనతో నెలల తరబడి మాట్లాడాడు. 1738 మే 24న వెస్లీ హృదయంలో నిశ్చయత కలిగింది. ఆ వేసవిలోనే జర్మనీ వెళ్లి జింజెన్‌డార్ఫ్‌ను, హెర్న్‌హూట్‌ను చూసి వచ్చాడు. తర్వాత ఇద్దరికీ సిద్ధాంతాల్లో పడలేదు, విడిపోయారు. వెస్లీ వెంట నడిచినవారి మిషన్ మన నిజాం ప్రాంతానికి వచ్చింది. మెదక్‌లో పాస్నెట్ దొర కట్టించిన దేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. కామారెడ్డి నుంచి నిజామాబాద్ వెళ్లే దారిలో డిచ్‌పల్లి దగ్గర డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల కోసం ఆసుపత్రి నడిపింది. ఈ ఊళ్ల పేర్లు జింజెన్‌డార్ఫ్ ఎన్నడూ విని ఉండడు.

చివరి సంవత్సరాల్లో ఆయనను అప్పులు చుట్టుముట్టాయి. లండన్‌లో ఒక దశలో దివాలా అంచుకు వచ్చాడు. సంఘం చేసిన బాకీలకు తానే పూచీ పడ్డాడు. 1756లో ఎర్ద్‌మూత్ మరణించింది. ఏడాది తర్వాత, కాందిశీకుల కుటుంబం నుంచి వచ్చి స్త్రీల పరిచర్యను నడిపించిన అన్నా నిష్‌మన్‌ను చేసుకున్నాడు. కౌంట్ ఒక రైతుబిడ్డను పెళ్లాడటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1760 మే 9న హెర్న్‌హూట్‌లో కన్నుమూశాడు. అన్నా కూడా అదే నెలలో ఆయన వెనకే వెళ్లింది. అప్పటికి ఆ చిన్న ఊరి సంఘం పంపిన మిషనరీలు రెండు వందలు దాటారు.

ఆయన చూసిన పటం కూడా ప్రయాణం చేసింది. యుద్ధభయంతో 1806లో డ్యూసెల్‌డార్ఫ్ చిత్రాలను మ్యూనిక్‌కు తరలించారు. వాటితో పాటు అదీ వెళ్లింది. జింజెన్‌డార్ఫ్ దాని ముందు నిలబడిన 1719లోనే జీగెన్‌బాల్గ్ తరంగంబాడిలో మరణించాడు. అదే సంవత్సరం అక్కడ ఓడ దిగిన బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసుకు మారి తెలుగు నేర్చుకుని, బైబిలును మన భాషలోకి తేవడానికి శ్రమించాడు. 1746, 1747 సంవత్సరాల్లో హాలేలో తెలుగు అక్షరాలతో క్రైస్తవ పుస్తకాలు అచ్చు వేయించాడు. హాలే భోజనాల బల్ల దగ్గర చిన్నప్పుడు విన్న ఆ తరంగంబాడికి జింజెన్‌డార్ఫ్ ఎన్నడూ రాలేదు. ఆయన బతికుండగా ఐరోపాలో ఓడ ఎక్కిన మొరేవియన్ సహోదరులు అదే 1760లో ఆయన మరణించాక అక్కడి రేవులో దిగారు. ఊరి బయట కొంత నేల తీసుకుని, ఇళ్లు కట్టుకుని, ఎవరి చేతిపని వాళ్లు మొదలుపెట్టారు.